ఒకే నాటకాన్ని పాతికసార్లు ఆడి చూడండి, ఉద్యోగం సంగతి తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 27 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బడిలో ఉన్నప్పుడే ఏకపాత్రాభినయంలో బహుమతులు వచ్చాయి. ఈమధ్య ఒక నాటిక రాసి, మీరే దర్శకత్వం వహించి రెండు పరిషత్తు నాటక పోటీల్లో ఆడారు. ఇప్పుడు రచన, దర్శకత్వం, ఒంటరి నటన మూడూ కలిపి అదే బతుకుతెరువు చేసుకోవాలని ఉంది. ఉద్యోగం మానేయవచ్చా, ఎక్కడైనా చేరి నేర్చుకోవాలా, డబ్బు వస్తుందా అని అడిగారు. చివర్లో, అడగాలా వద్దా అన్నట్టు, అద్దం ముందు సాధన చేయడం మంచిదేనా అని కూడా అడిగారు. ఆ చివరి ప్రశ్న అడిగినందుకే ఇంత పెద్ద సమాధానం రాయాలనిపించింది.

నేను ఈ పనిలో 31 ఏళ్లుగా ఉన్నాను. అందులో 24 ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతూనే నాటకాలు రాశాను, ఆడాను. అన్నీ వదిలేసి రంగస్థలంలోకి దూకిన వీరగాథ నా దగ్గర లేదు. ఒకటో తారీఖున వచ్చే జీతమే నా నాటకాలకు మొదటి పోషకుడు. ఆ పోషకుడు ఎప్పుడూ స్క్రిప్టులో వేలు పెట్టలేదు.

కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఒక గంట నిడివి గల నాటకం సొంతంగా రాసుకోండి. దాన్నే పాతికసార్లు ఆడండి. ఇరవయ్యారోసారి ఆడాలని మీకు, చూడాలని పదిమందికి ఉంటే అప్పుడు రాజీనామా పత్రం గురించి ఆలోచించవచ్చు.

ఈ పాతిక లెక్క ఎందుకో చెప్పాలి. మన పరిషత్తు నాటకాల తీరు మీకు తెలిసిందే. సంక్రాంతి వెళ్లగానే స్క్రిప్టు వెతుకుతాం, నెలన్నర రిహార్సళ్లు చేస్తాం, ఎండాకాలంలో నాలుగైదు ఊళ్లలో ఆడతాం, జ్ఞాపికలు తెచ్చి అలమారాలో పెడతాం. మరుసటి ఏడు కొత్త నాటిక. పాతది నడక నేర్చుకునే సమయానికే దాన్ని పడుకోబెట్టేస్తాం. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని ఈ పోటీల సంప్రదాయం మనకు ఎందరో నటులను, రచయితలను ఇచ్చింది. నేనూ ఆ బడిలోనే అక్షరాలు దిద్దాను. కానీ పోటీ మనకు ముందు వరుసలో కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతల కోసం ఆడటం నేర్పుతుంది. ఆ ముగ్గురూ రాని రోజున ఏం చేయాలో అక్కడ ఎవరూ చెప్పరు.

అదే సురభి వాళ్లను చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలు మాయాబజార్‌ను తరతరాలుగా ఆడుతూనే ఉన్నాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో వాళ్ల ప్రదర్శన నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కథ తెలిసి, తంత్రాలు తెలిసి, తీగ ఎక్కడుందో కూడా కనిపెట్టేసి, మళ్లీ వెళ్లేవాళ్లం. పాతదాన్నే పట్టుకుని వేలాడతారని వాళ్లను తేలికగా అనేవాళ్లుంటారు. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా చేయించినప్పుడు ఆడింది కూడా ఈ సురభి నటులే. వందలసార్లు ఆడి ఒళ్లు తేలికపడ్డవాళ్లు కొత్తదైనా ఆడగలరు.

ఒంటరి నటుడి సంగతికి వస్తే, అమెరికాలో హాల్ హోల్‌బ్రూక్ అనే ఆయన రచయిత మార్క్ ట్వైన్ వేషం 1954లో మొదలుపెట్టి 2017 దాకా వేశారు. మొదట్లో 70 ఏళ్ల ముసలివాడిగా కనబడటానికి గంటల తరబడి మేకప్పు వేసుకున్న యువకుడు, చివరికి ఆ పాత్ర వయసు దాటిపోయి కూడా వేశారు. ట్వైన్ రచనల నుంచి ఎంతో సరుకు కంఠస్థం చేసి పెట్టుకుని, ఏ రాత్రికి ఏది చెప్పాలో మార్చుకుంటూ ఉండేవారట. ఒకే నాటకం, అరవై ఏళ్ల బతుకు. మనం ఒక నాటకాన్ని ఐదుసార్లు ఆడి, జనం రావడం లేదని నిట్టూరుస్తాం.

ఇక బడి ఏకపాత్రకూ, గంట నిడివి సోలో నాటకానికీ ఉన్న తేడా. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఏకపాత్ర ఎనిమిది పది నిమిషాలు. మయసభలో దుర్యోధనుడు తెర తీసేసరికే కోపంతో ఉంటాడు, ఇంకా కోపంతో తెర పడుతుంది. గొంతు ఉంటే, ధారణ ఉంటే, చప్పట్లు ఖాయం. గంట నాటకంలో ఆ కోపం పన్నెండో నిమిషానికి ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నటుడు గొంతు పెంచుతాడు. ఇరవయ్యో నిమిషానికి ప్రేక్షకుడు ఫోను తీస్తాడు. తప్పు ప్రేక్షకుడిది కాదు. వేదిక మీద ఒక మనిషి తన గురించి తాను చెప్పుకుంటూ పోతే ఎవరైనా ఎంతసేపు వింటారు? మన పెళ్లిళ్లలో అలాంటి బాబాయి ఒకాయన ఎప్పుడూ ఉంటాడు, ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

దీనికి మందు మన దగ్గరే ఉంది. సంస్కృత దశరూపకాల్లో, అంటే పది రకాల నాటకాల్లో, భాణం అని ఒకటి ఉంది. ఒకే అంకం, ఒకే నటుడు. ఒక విటుడు, అంటే రసికుడు, నగరంలో తిరుగుతూ ఎదురైనవాళ్లతో మాట్లాడుతుంటాడు. ఆ ఎదుటివాళ్లు వేదిక మీద ఉండరు. అతడే ఆకాశం వైపు చెవి పెట్టి, ‘ఏమంటున్నావు?’ అని అడిగి, వాళ్లన్న మాట తానే తిరిగి చెప్పి, దానికి జవాబిస్తాడు. దీన్ని ఆకాశభాషితం అంటారు. పాత భాణాలు నాలుగు దొరికితే వాటిని చతుర్భాణి పేరుతో 1922లో వెలుగులోకి తెచ్చినవారిలో మన మానవల్లి రామకృష్ణకవి ఒకరు. నన్నెచోడుడి కుమారసంభవాన్ని మనకు దొరకబుచ్చిన మహానుభావుడు ఆయనే. తెలుగులో క్రీడాభిరామం కూడా ఈ కుదురులోదే. అది వీథి అనే రూపకం, అందులో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనబడినదల్లా చెప్పుకుంటారు. హరికథ మాట చెప్పనే అక్కర్లేదు. ఆదిభట్ల నారాయణదాసు ఒక్కరే గజ్జె కట్టి నిలబడితే సభలో రాజూ ఆయనే, భటుడూ ఆయనే. సోలో థియేటర్ అనే పేరు కొత్తగా వినబడుతోంది గానీ, పని మనకు పాతదే.

ఆకాశభాషితంలోని కిటుకు ఏమిటంటే, నటుడు ఒంటరిగా లేడు. కనబడని మనిషి ఒకరు ఎప్పుడూ ఎదురుగా ఉన్నారు. ఆ మనిషి ఎవరు, ఎక్కడ ఉన్నారు, కూర్చున్నారా నిలబడ్డారా, ఇతడి మాటకు ముఖం ఎలా పెట్టారు అన్నది నటుడికి తెలియకపోతే నాటకం ఉపన్యాసం అయిపోతుంది.

నా అనుభవం ఒకటి కొంచెం వివరంగా చెబుతాను. నా రెండో సోలో నాటకంలో నేను సిటీ బస్సు కండక్టరును. ఆర్టీసీలో మహిళా కండక్టర్లు ఇంకా కొత్తగా ఉన్న రోజులు. సికింద్రాబాద్ నుంచి కోఠి వెళ్లే బస్సుల్లో ఆదివారాలు ఊరికే తిరిగి, వాళ్ల మాటలు విని, చిన్న పుస్తకంలో రాసుకున్నాను. మొదటి ప్రతి 40 పేజీలు వచ్చింది. రద్దీ, పురుషుల వెకిలి చూపులు, డిపో మేనేజరు చిరాకు, ఇంట్లో బిడ్డ జ్వరం, అన్నీ ఉన్నాయి. అన్నీ నిజమే. చదివి వినిపిస్తే మా ఇంట్లోవాళ్లే ఆవలించారు. ఎందుకంటే ఆ కండక్టరుకు ఏమీ అక్కర్లేదు. తన కష్టాలు చెబుతోంది, అంతే.

అప్పట్లో చిల్లర లేకపోతే కండక్టర్లు టికెట్టు వెనక బాకీ రాసి ఇచ్చేవారు, దిగేటప్పుడు తీసుకోండి అని. మీ వయసువాళ్లు చూసి ఉండకపోవచ్చు. నా పుస్తకంలో ఒక మూల, ఒక కండక్టరమ్మ అన్న మాట ఉంది. ఒక ముసలాయన బాకీ తీసుకోకుండా దిగిపోయాడని, ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదని. 40 పేజీలు పక్కన పెట్టి, ఆ ఏడు రూపాయలు మాత్రం ఉంచుకున్నాను. నాటకం మొత్తం ఆ రోజు చివరి ట్రిప్పులో నడుస్తుంది. ఆ ముసలాయన మళ్లీ బస్సు ఎక్కాడని ఆమె అనుకుంటుంది. ఆయన మాత్రం నాకేమీ బాకీ లేదంటాడు. ఇప్పుడు ఆమెకు ఒకటి కావాలి, కోఠి వచ్చేలోపే కావాలి. రద్దీ, చూపులు, బిడ్డ జ్వరం అన్నీ మళ్లీ నాటకంలోకి వచ్చాయి. ఈసారి దారికి అడ్డంగా వచ్చాయి కాబట్టి ఎవరూ ఆవలించలేదు.

రాత గురించి ఇంకో రెండు మాటలు. వేదిక మీద నా వేగానికి గంటకు సుమారు ఐదు వేల మాటలు పడతాయి. మీరు ఏడు వేలు రాస్తే పరుగెత్తుతారు. కనబడని మనిషి మాట్లాడే సమయం కూడా మీ గంటలోనే పోతుందని మరవకండి. ఆయన ప్రశ్న మొత్తం తిరిగి చెప్పకండి. ‘ఎక్కడ దిగాలా? కాచిగూడలో’ అంటే చాలు. ప్రతిసారీ ‘ఏమిటీ, ఎక్కడ దిగాలని అడుగుతున్నారా?’ అంటే పదో నిమిషానికి ప్రేక్షకుడికి ఒళ్లు మండుతుంది.

ఎవరి కథనైనా తీసుకుంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. గురజాడ 1915లో పోయారు కాబట్టి గిరీశం ఎవరి సొత్తూ కాదు, అందరి సొత్తు. చలం 1979లో పోయారు, ఆయన రచనల హక్కులు 2039 చివరిదాకా ఉంటాయి. ఔత్సాహిక సమాజం టికెట్టు లేకుండా ఆడితే చట్టంలో మినహాయింపు ఉంది గానీ, మీరు అడుగుతున్నది వృత్తి గురించి, కాబట్టి దాని మీద ఆధారపడకండి. బతికున్న మామూలు మనుషుల మాటలు వాడుకునేటప్పుడు చట్టం కన్నా మర్యాద ముఖ్యం. అన్నా డీవియర్ స్మిత్ అనే అమెరికన్ నటి, 1991లో న్యూయార్క్‌లోని ఒక పేటలో జరిగిన అల్లర్ల గురించి అక్కడి రకరకాల మనుషులను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసి, ఆ మనుషులందరినీ తానొక్కతే వేదిక మీద చూపించింది. మాటకు మాట, తడబాటుకు తడబాటు. ఆమె పద్ధతిలో నాకు నచ్చింది ఆ తడబాట్లను కూడా వదలకపోవడం. మనవాళ్లు మామూలు మనిషి చేత మాట్లాడించేటప్పుడు వాక్యం దిద్ది, చివర ఒక నీతి అతికిస్తారు. నా కండక్టరమ్మ నాటకం చూసి అన్న మాట ఒక్కటే: ‘నేను ఇంత తిన్నగా మాట్లాడను మేడమ్.’ మరుసటి ప్రదర్శనకు ఆ భాగం మార్చాను.

దర్శకత్వం. మీ ఉత్తరంలో ‘నా నటనకు నేనే దర్శకుణ్ని’ అని కొంచెం గర్వంగా రాశారు. రాయండి, పోస్టరు మీద కూడా వేసుకోండి. కానీ రిహార్సల్ గదిలో ఇంకో జత కళ్లు లేకుండా సోలో నాటకం చేయకండి. మా కళాశాలలో లెక్కలు చెప్పే మేడమ్ ఒకరు నాకు ఆ సాయం చేశారు. నాటకాలతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. మా ఇంటి డాబా మీద గదిలో రోజూ సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసేవారు. ఒకరోజు రిహార్సల్ అయ్యాక పుస్తకం చూసి చెప్పారు: ‘మూడో సీటు ముసలాయన ఈరోజు రెండుసార్లు లేచి నిలబడ్డాడు.’

నాకు అర్థం కాలేదు. మళ్లీ చేసి చూపించమన్నారు. నిజమే. ఆ ముసలాయన కిటికీ పక్కన కూర్చుని ఉండాలి, నా చూపు కిందికి ఉండాలి. నాకు కోపం వచ్చినప్పుడల్లా నా చూపు పైకి లేస్తోంది. అంటే ఆయన సీట్లోంచి లేచినట్టే. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టుబిళ్లల అట్ట తీసి, గోడ మీద ముసలాయన ముఖం ఉండాల్సిన ఎత్తులో ఒక ఎర్ర బొట్టుబిళ్ల అంటించారు. ఫుట్‌బోర్డు మీద కుర్రాడికి ఒకటి. ముందు సీట్లో చంటిబిడ్డ తల్లికి ఒకటి, ఆమె ఒళ్లో బిడ్డకు చిన్నది. వారం రోజులు ఆ బొట్లతో మాట్లాడాను. తర్వాత తీసేసినా మనుషులు అక్కడే ఉన్నారు. ఇప్పటికీ ఏ ఊళ్లో ఏ హాలుకు వెళ్లినా తెర తీసే ముందు నేను చేసే పని ఒకటే: వేదిక మధ్య నిలబడి నా ప్రయాణికులను ఒక్కొక్కరినీ వాళ్ల సీట్లలో కూర్చోబెట్టుకుంటాను.

దర్శకుడిగా మీరు నేర్చుకోవాల్సిన మరో సంగతి తీసేయడం. మొదటి ప్రదర్శనకు నేను బస్సు సీటు ఒకటి, ఇనుప కడ్డీ ఒకటి, హారను శబ్దం, ఇంజను శబ్దం అన్నీ పెట్టాను. ఎనిమిదో ప్రదర్శనకు సీటు పోయింది. పన్నెండో దానికి రికార్డింగు పోయింది. మిగిలినవి తోలు సంచి, టికెట్ల పెట్టె, ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’ అనే రెండు కేకలు. కడ్డీ మీద టికెట్ల పెట్టెతో కొట్టే చప్పుడు కోసం ఇప్పుడు నా గాజులనే వాడుకుంటాను. ఇదంతా సౌందర్య దృష్టితో చేశానని చెప్పుకోను. ట్రాలీ ఆటోకు డబ్బులు లేక ఒక్కొక్కటే వదిలేశాను. కానీ నాటకం ఒక సూట్‌కేసులో పట్టేసరికి ఎక్కడ పిలిచినా వెళ్లగలిగాను. అపార్టుమెంటు సెల్లారులో ఆడాను, గ్రంథాలయంలో ఆడాను, ఒకసారి పెళ్లి విడిదింట్లో ఆడాను (అక్కడ చిల్లర బాకీ సన్నివేశానికి పెళ్లికొడుకు మేనమామ నిజంగానే ఏడు రూపాయలు తెచ్చి ఇచ్చాడు).

హైదరాబాద్‌లో హాళ్ల గురించి. 1961 నుంచి ఉన్న రవీంద్రభారతి మీద అందరికీ మోజు. ఆ వేదిక చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ మొదటి సోలోకు అంత పెద్ద హాలు వద్దు. 40 మంది వచ్చినా అది ఖాళీగానే కనబడుతుంది, ఆ ఖాళీ మీ గొంతులోకి వస్తుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆడండి. అక్కడి ప్రేక్షకులు ఎక్కువమంది పెద్దవాళ్లు, ఆరింటికల్లా వచ్చి కూర్చుంటారు, మాట నచ్చితే పైకే ‘భలే’ అంటారు, నచ్చకపోతే పక్కవాళ్లతో మనవరాలి పెళ్లి సంబంధం మాట్లాడతారు. అదే నాటకాన్ని బంజారాహిల్స్ లామకాన్‌లో ఆడండి. 2010లో మొదలైన ఆ ఆరుబయలు చోటులో సమోసా, చాయ్‌తో కూర్చున్న కుర్రకారు సగం తెలుగు, సగం హిందీ, కొంత ఇంగ్లీషు. గానసభలో నా శ్లేషకు నవ్వారు. లామకాన్‌లో శ్లేషకు ఎవరూ నవ్వలేదు, నేను చిల్లర లెక్కపెడుతూ ఊరుకున్నచోట నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఆ మౌనాన్ని ఇంకో మూడు క్షణాలు పెంచాను. తర్వాత గానసభలోనూ అక్కడ నవ్వడం మొదలుపెట్టారు. పాతికసార్లు ఆడమని నేను చెప్పేది ఇందుకే. రచయితగా ఇంట్లో కూర్చుని ఆ మూడు క్షణాలు నేను ఎప్పటికీ రాయలేను.

ఈ నగరంలో తెలుగు నాటకం చూసేవాళ్లు, ఉర్దూ హిందీ నాటకం చూసేవాళ్లు, ఇంగ్లీషు నాటకం చూసేవాళ్లు ఒకరినొకరు ఎరగరు. మీరు వారానికి ఒకటైనా వేరే భాష నాటకం చూడండి. నాటకరంగ ప్రముఖుడు ఖాదిర్ అలీ బేగ్ పేరుతో ఆయన కుమారుడు మహమ్మద్ అలీ బేగ్ నడిపే నాటకోత్సవానికి వెళ్లండి. మన పరిషత్తు కళ్లతో చూస్తే మొదట నచ్చకపోవచ్చు. వెలుగును వాడే పద్ధతి గమనించండి చాలు.

అవాంతరాలకు సిద్ధపడండి. ఒక హాలులో నా ప్రదర్శన ఆరున్నరకు. అంతకుముందు అదే వేదిక మీద సన్మాన సభ. ఏడుంబావు దాకా శాలువలు కప్పుతూనే ఉన్నారు. వాళ్లు దిగాక లైట్లు పెట్టుకోవడానికి నాకు మిగిలింది 10 నిమిషాలు. వేదిక నిండా పూలరేకులు, మధ్యలో సింహాసనంలాంటి ఎర్ర కుర్చీ. ఆ కుర్చీ తీయడానికి మనిషి లేడు. దాన్నే డ్రైవరు సీటు చేసుకుని ఆడాను. నాటకం అయ్యాక ఒకాయన వచ్చి, ‘ఆ కుర్చీ ప్రతీక బాగుందమ్మా’ అన్నారు. దండం పెట్టి ఊరుకున్నాను.

డబ్బు. టికెట్టు పెట్టండి. ఉచితంగా ఆడితే వచ్చేవాళ్లు వానపడితే రారు. వంద రూపాయలు పెట్టి కొన్నవాళ్లు గొడుగు వేసుకుని వస్తారు. నాటకానికి 500 రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ లేదు కాబట్టి మీ స్థాయిలో ఆ లెక్కల బెడద ఉండదు. నా మొదటి టికెట్టు ప్రదర్శనకు 23 మంది వచ్చారు, అందులో ఆరుగురు బంధువులు. హాలు అద్దె కూడా రాలేదు. పదిహేనో ప్రదర్శన నుంచి చేతి డబ్బులు పెట్టడం ఆగింది. కానీ టికెట్లతో ఇల్లు గడిచిన నెల నాకు ఈ 31 ఏళ్లలో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇల్లు గడిపేవి వేరే: కళాశాలలు, సంస్థలు పిలిచి ఇచ్చే పారితోషికం, బడి పిల్లలకు నాటక శిక్షణ, రేడియోకూ టీవీకీ రాసే స్క్రిప్టులు. ఆకాశవాణి నాటక విభాగానికి ఆడిషన్ ఇచ్చి గ్రేడు తెచ్చుకోండి. డబ్బు కోసం అనను. శారదా శ్రీనివాసన్ గారి రేడియో నాటకాలు వింటే కనబడని మనిషితో మాట్లాడటం అంటే ఏమిటో ఒక్క గంటలో తెలుస్తుంది.

కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే ఫెలోషిప్పులు ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్లవారికి జూనియర్ ఫెలోషిప్పు, నెలకు 10 వేల చొప్పున రెండేళ్లు. 40 దాటినవారికి సీనియర్, నెలకు 20 వేలు. దరఖాస్తులో ‘నాటకరంగ అభివృద్ధికి కృషి చేస్తాను’ అని రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. మీరు ఏ ఊళ్లో ఎవరిని కలిసి ఏ నాటకం రాస్తారో రాయండి. ఈ డబ్బును జీతం అనుకోకండి, వాయిదాల్లో వస్తుంది.

సినిమా మాట మీరు ఎత్తలేదు, సంతోషం. అయినా చెబుతాను. సినిమా వేషం వస్తే వేయండి, బిడ్డల ఫీజులు కట్టండి, తప్పేమీ లేదు. కానీ సోలో నాటకాన్ని ఎవరో దర్శకుడు వచ్చి చూస్తాడన్న ఆశతో ఆడకండి. ఆ ఆశ మీ చూపులో కనబడుతుంది. ముసలాయన మళ్లీ సీట్లోంచి లేస్తాడు.

చదువుకోవాలా అంటే, వీలైతే తప్పకుండా. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్లు పూర్తికాలం, అంటే ఉద్యోగం వదలాల్సిందే. ఇక్కడే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూలు వారి రెండేళ్ల పీజీ ఉంది. 1985లో మొదలై, తర్వాత పొట్టి శ్రీరాములు పేరుతో నడిచి, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖ ఉంది. నేను ఎక్కడా చదవలేదు, ఆ లోటు నాకు తెలుసు. ముఖ్యంగా గొంతు విషయంలో. 40 ఏళ్ల వయసులో గొంతులో కాయలు వచ్చి నాలుగు నెలలు మాట్లాడకుండా ఉండాల్సి వచ్చింది. పరిషత్తు వేదిక మీద చివరి వరుసకు వినబడాలని అరిచిన ఏళ్లన్నీ అక్కడ బయటపడ్డాయి. శ్వాస ఎలా పట్టాలో 25 ఏళ్లకే ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. మీరు ఇంకేమీ నేర్చుకోకపోయినా ఒక గురువు దగ్గర గొంతు పని నేర్చుకోండి. సంగీతం మేష్టారైనా సరే.

ఈ పాతికకు పట్టే సమయం లెక్క కూడా చెప్పి ముగిస్తాను. నెలకు రెండు ప్రదర్శనలు చొప్పున, వానాకాలం, పరీక్షల రోజులు తీసేస్తే పాతిక పూర్తికావడానికి ఏడాదిన్నర పడుతుంది. శని ఆదివారాలు చాలు. ప్రతి ప్రదర్శన రాత్రి ఇంటికి వెళ్లి, ఎక్కడ నవ్వారు, ఎక్కడ కుర్చీలు కదిలాయి, ఏ మాట మరిచిపోయారు అన్నది రాసుకోండి. మరిచిపోయిన మాట మూడుసార్లు మరిచిపోతే అది రాతలో తప్పు, తీసేయండి.

ఇక అద్దం. మానేయండి. అద్దంలో కనబడేది ఎప్పుడూ మీ ముఖమే, మీ ఎత్తులోనే ఉంటుంది, మీరు నవ్వితే నవ్వుతుంది. కోఠి బస్సులో నాకు అలాంటి ప్రయాణికుడు ఒక్కడూ ఎక్కలేదు. అద్దం మీద గుడ్డ కప్పి, ఐదు రూపాయల బొట్టుబిళ్లల అట్ట ఒకటి కొనుక్కోండి.